ఎవరూ తినని కళింగరలు

ప్రభుత్వం వారికి రైతుల మీద దయ కలిగింది. ఆ దయ కలగడానికి పద్నాలుగు నెలలు పట్టిందంటే అదేదో చిన్నాచితకా దయ కాదని మీరు గ్రహించాలి. కరోనా మొదటిసారి వచ్చి, దేశానికి దేశం తలుపులు బిడాయించుకున్న ఎండాకాలంలో, పంట చేతికొచ్చీ అమ్ముకోలేక మునిగిపోయిన రైతుల కోసం ‘కష్టకాల కర్షక కటాక్ష పథకం’ అని ఒకటి ప్రకటించారు. ఎకరాకు పదివేలు. ఆ పేరు పెట్టడానికి ఒక కమిటీ, పెట్టిన పేరు బాగుందని చెప్పడానికి ఇంకో కమిటీ కూర్చున్నాయట. మరి ఆలస్యం కాదూ?

ఆ వార్త బోడిమిట్టకు చేరిన రోజు అందరికంటే ఎక్కువ సంతోషపడినవాడు ఓబులేసు. అతనికి మూడెకరాల చేను, అందులో ఒక బోరు ఉన్నాయి. కళింగర పెడతాడు. కళింగరంటే మీరు పుచ్చకాయ అంటారే, అదే. మా వైపు వచ్చి పుచ్చకాయ అని అడిగితే మాత్రం మిమ్మల్ని ఎగాదిగా చూస్తారు. ఆ బోరు మోటారు కాలిపోయి రెండు నెలలైంది. మెకానిక్కు దాన్ని తిప్పి చూసి, బోర్లించి చూసి, “ఇంక దీన్ని చుట్టేదేం లేదన్నా, కొత్తది కొనుక్కో” అని చేతులెత్తేశాడు. కొత్త మోటారు, పైపులు, కేబులు అన్నీ కలిపి ముప్పైవేలు. మూడెకరాలకు ప్రభుత్వమిచ్చేదీ ముప్పైవేలే. తన మోటారు రేటు కనుక్కుని మరీ పథకం పెట్టారేమోనని ఓబులేసుకు అనుమానం కూడా వచ్చింది. ఆ డబ్బొస్తే చేనుకు నీళ్ళు. రాకపోతే చేను బీడు పెట్టి, మొగుడూ పెళ్ళామూ బెంగుళూరుకు పోయి ఎవరి మేడకో సిమెంటు మోయాలి. మధ్యేమార్గం ఏదీ లేదు.

దరఖాస్తుకు ఆధార్ కార్డు, పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకంతో పాటు ‘నష్టం జరిగినట్టు తగిన ఆధారం’ జత చెయ్యమన్నారు. ఇక్కడే ఓబులేసు భార్య మారెక్క బుర్ర పాదరసంలా పనిచేసింది.

ఆ ఎండాకాలం ఏం జరిగిందంటే, లారీలు ఆగిపోయాయి. కాయ కొంటానన్న బెంగుళూరు వ్యాపారి ఫోనెత్తడం మానేశాడు. పండిన కాయ చేలోనే ఫట్టుమని పగులుతుంటే ఓబులేసు చూడలేకపోయాడు. ట్రాక్టరుకెత్తించి సగం ఊళ్ళో ఇంటింటికీ పంచాడు. మిగతా సగం హైవే పక్కన కుప్ప పోశాడు. ఆ హైవే మీద అప్పుడు బండ్లు లేవు గానీ మనుషులున్నారు. బెంగుళూరులో పనులు పోయి, పిల్లల్ని చంకన, మూటల్ని నెత్తిన పెట్టుకొని ఉత్తరాదికి కాళ్ళీడ్చుకుంటూ గుంపులు గుంపులుగా నడిచేవాళ్ళు. ఐదు రోజులు మొగుడూ పెళ్ళామూ ఆ ఎండలో కొడవళ్ళు పట్టుకుని నిలబడి కాయలు కోసిచ్చారు. మారెక్క ఇస్తూ ఉన్నంతసేపూ మొగుణ్ణి తిడుతూనే ఉంది, అది వేరే సంగతి. పేపరాయన వచ్చి ఫోటో తీసి, ‘కరవు సీమలో కర్ణుడు’ అని జిల్లా పేజీలో వేశాడు. అందులో కర్ణుడు సగమే పడ్డాడు, మారెక్క మాత్రం నిండుగా పడింది. కాయ అమ్ముడుపోలేదు, ఊరికే పంచేశాం అనడానికి ఇంతకంటే ఆధారం ఇంకేముంటుందని, ఆ పేపరు ముక్కను జిరాక్సు తీయించి దరఖాస్తుకు తానే స్వహస్తాలతో పిన్ను కొట్టింది.

పక్క చేను ఎర్రిస్వామిది. అతనివీ మూడెకరాలే, అతనిదీ కళింగరే. ఆ ఎండల్లో ఎర్రిస్వామి ఏం చేశాడంటే, కంప కొట్టుకొచ్చి చేను చుట్టూ కంచె వేసి, కట్టె పట్టుకుని కాపలా కూర్చున్నాడు. “నా కాయ మురిగిపోతే పోనీ. ఊరికే తినబెడితే జనం మరుగుతారు” అన్నాడు. కాయంతా మురిగింది. నెలన్నర రోజులు ఊరు ఊరంతా ముక్కుకు తువ్వాలు కట్టుకొని తిరిగింది. కరోనాకు మాస్కు పెట్టుకోని వాళ్ళు కూడా ఎర్రిస్వామి చేను వాసనకు పెట్టుకున్నారు.

ఫలితాలు వచ్చాయి. ఎర్రిస్వామికి ముప్పైవేలూ బ్యాంకులో పడ్డాయి. అంతటితో ఆగలేదు, ఆగస్టు పదిహేనున మండలాఫీసులో జెండా ఎగరేశాక ‘ఉత్తమ నష్ట రైతు’ అని ప్రశంసాపత్రమిచ్చి శాలువా కప్పారు. ఓబులేసుకు మాత్రం ఒక కాగితం వచ్చింది. ‘సదరు దరఖాస్తు తిరస్కరించడమైనది. కారణము: పంట మానవ వినియోగమునకు గురైనది.’

ఆ కాగితం పట్టుకుని ఓబులేసు ఊళ్ళోని సచివాలయానికి పరిగెత్తాడు. అక్కడ వ్యవసాయ సహాయకురాలు హరిణి ఉంటుంది. పాతికేళ్ళ పిల్ల, వ్యవసాయం చదువుకుంది, ఊళ్ళో అందరినీ అన్నా అక్కా అని పిలుస్తుంది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి చేను కంటే ఫారాలనే ఎక్కువ చూసింది పాపం.

“ఏందమ్మా ఇది?”

“రూలు పన్నెండు బి అన్నా. పంట అమ్ముడుపోకుండా మురిగిపోయి ఉండాల. మనుషులు తింటే అది నష్టం కింద రాదు, వినియోగం కింద వస్తాది.”

“నాకు పైసా రాలేదు కదమ్మా!”

“నీకు రాలేదు. అది వేరే కాలమ్. ఆ కాలమ్ ఈ ఫారంలో లేదు.”

“గొడ్లు తినింటే?”

“గొడ్లు తింటే సగం ఇస్తారు. అడవిపందులు తింటే ముప్పాతిక.”

“మనుషులు తింటే?”

“సున్నా అన్నా.”

“మనిషి కంటే పంది మేలాయె తల్లీ!”

“నన్నంటావేంటికి అన్నా? జీవోలో అట్ల ఉంది.” హరిణి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “అప్పీలుకు పో. ఈ ఫోటోలో నువ్వు ఇస్తా ఉండావు. వాళ్ళు చేతులు చాచినారు. అంతే కదా? నోట్లో పెట్టుకున్నట్టు యాడా లేదు. ఇచ్చినట్టు రుజువైంది గానీ తిన్నట్టు కాలేదు. ఆ పాయింటు పట్టుకో.”

అప్పీలు విచారించడానికి ఒక ప్రత్యేకమైన అధికారి ఉన్నాడు. ఆయన పేరు చంద్రమౌళీశ్వరరావు. గది బయట బోర్డు మీద ‘ప్రత్యేక విచారణాధికారి (మానవ వినియోగం)’ అని రాసుంటుంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఒక్క ఫైలు కూడా తొందరపడి ముగించలేదని ఆయనకు పేరు. ఓబులేసు, మారెక్క చేతులు కట్టుకుని నిలబడితే, ఆయన పేపరు ముక్కను భూతద్దంతో అరగంట సేపు చూశాడు.

“ఇచ్చుట వేరు, తినుట వేరు,” అన్నాడు చివరికి. “ఇచ్చుట ప్రాథమికంగా రుజువైనది. తినుట విచారణార్హము. తీసుకున్నవారు తినక పారవేసి ఉండవచ్చును. పారవేసినచో మురుగును. మురిగినచో నష్టము. బోధపడినదా?”

“అయింది సార్,” అన్నాడు ఓబులేసు, కాకపోయినా.

“ఒకవేళ తినినను, తొక్క తినరు కదా?”

“తొక్క ఎవురు తింటారు సార్?”

“అదీ! తొక్క మేరకు వినియోగము జరగలేదన్న మాట. కాయ బరువులో తొక్క మూడవ వంతు. ఆ మేరకు నష్టము పరిశీలించవచ్చును. తొక్కలు హాజరుపరచు.”

“ఏడాదిన్నర నాటి తొక్కలా సార్?”

“భద్రపరచి ఉండవలసినది.” ఆయన విచారంగా తల ఊపి రాసుకున్నాడు. “పోనీ, విత్తనములు? అవి కూడా తినరు.”

“ఉమ్మేసినారు సార్.”

“ఎచ్చట?”

“హైవే పక్కనే సార్. ఆ ఏడు వానకు మొలకలెత్తి తీగలు కూడా బారినాయి. మంచి విత్తనం సార్ అది, ఊరికే పోదు!” విత్తనం మాట వస్తే ఓబులేసుకు ఒళ్ళు తెలియదు. మారెక్క మోచేత్తో పొడిచింది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

చంద్రమౌళీశ్వరరావు కలం మూత తీశాడు. రోడ్ల వారి భూమిలో అనుమతి లేకుండా కళింగర సాగు చేసినందుకు సంజాయిషీ చెప్పవలసిందిగా ఓబులేసుకు వారంలో నోటీసు వచ్చింది. దాని వెనకాలే సర్వేయరు వచ్చాడు. మేకలు ఎప్పుడో మేసేసిన తీగ చుట్టూ నాలుగు రాళ్ళు పాతి, మూడు అడుగుల ఆక్రమణ అని పటం గీసుకుపోయాడు.

“మీ నోరు కుట్టెయ్యాల,” అంది మారెక్క దారి పొడుగునా. “కాయ పంచినారు సరే, మాట పంచమని ఎవురు చెప్పినారు?”

తర్వాత విచారణ బోడిమిట్టకే వచ్చింది. బడి వరండాలో షామియానా వేశారు. “కళింగర తిన్నోళ్ళు తిన్నామనీ, తిననోళ్ళు తినలేదనీ, ఆధార్ కార్డుతో సహా వచ్చి చెప్పాలహో!” అని దండోరా వేయించారు. దండోరా కాగితం కింద ఇంకో ముక్క ఉంది. తిన్నవారికి వస్తురూపేణా లబ్ధి చేకూరినందున, ఆ విలువను వారి పింఛను, రేషను, తదితర లబ్ధుల నుండి మినహాయిస్తారు. ఈ ముక్కతో బోడిమిట్ట మొత్తానికి ఒకేసారి మతిమరుపు వచ్చేసింది.

ఒకడు, “కళింగరంటే ఏంది సార్? గుండ్రంగుంటాదా?” అని అడిగాడు. ఇంకొకామె తమ వంశంలో ఏడు తరాలుగా కళింగర ముట్టరని, ముడితే కులదేవతకు కోపమొస్తుందని చెప్పి, అప్పటికప్పుడు ఒక కులదేవతను కూడా సృష్టించింది. ఆ వేసవిలో మూడు కాయలు ఒక్కడే ఎత్తుకుపోయిన మాజీ సర్పంచి, తనకు చిన్నప్పటి నుంచి జలుబని చెప్పాడు. అధికారి తక్కువవాడు కాదు. “కాయ చప్పగా ఉండెనని ఆరోపణ ఉన్నది,” అన్నాడు యథాలాపంగా, కాగితాల్లోంచి తలెత్తకుండా.

“చప్పగానా! చక్కెర సార్, చక్కె...” అన్నాడొకడు. పక్కనున్న పెళ్ళాం కాలు తొక్కింది. “...చక్కెర ఉన్నట్టు విన్నాను సార్. ఎవురో అనుకుంటాంటే.”

ఎర్రిస్వామి శాలువా కప్పుకుని వచ్చాడు, ఎండ మండిపోతున్నా. మురుగుడు విషయంలో మండలం మొత్తానికి ప్రభుత్వ గుర్తింపు పొందినవాడు కాబట్టి ఆయన్ని నిపుణుడిగా కూర్చోబెట్టారు. “సార్, మురిగితే ఊరికి తెలుస్తాది. నా చేను మురిగితే ఆరు మైళ్ళ దాకా తెలిసింది. ఓబులేసు చేలో వాసన రాలేదు. దానికని నేను ఒక్కరోజన్నా ముక్కు మూసుకోలేదు,” అన్నాడు గంభీరంగా. దాంతో ఊరంతా లేచి, వచ్చిన వాసనంతా ఓబులేసు చేను నుంచేనని, ఎర్రిస్వామి కాయకు అసలు వాసనే లేదని అరిచారు. ఎర్రిస్వామి మొహం మాడిపోయింది. జీవితంలో ఒక్కసారి దొరికిన గౌరవాన్ని అట్లా లాగేసుకుంటే ఎవరికైనా మండదా మరి?

అంతా సజావుగా సాగిపోతోంది అనుకుంటున్నప్పుడు సుంకమ్మవ్వ కట్టె తాటించుకుంటూ వచ్చింది. ఆమెకు ఎనభై దాటాయి. నోట్లో ఒక్క పన్ను లేదు. పింఛను తప్ప వేరే ఆధారమూ లేదు.

“నేను తిన్నా సామీ,” అంది.

వరండా అంతా గుసగుసలు. “ఊరుకో అవ్వా!” అన్నారెవరో.

“ఏంటికి ఊరుకోవల్ల? రొండు కాయలు తిన్నా. నమిలేకి పండ్లు లేవు గదా, మారెక్క గుజ్జు గీకి గిన్నెలో పోసిచ్చింది. ఆ దినాల్లో కొట్టు లేదు, బస్సు లేదు. కడుపు సల్లగా అయింది.”

“అవ్వా, తిన్నానంటే నీ పింఛను తగ్గుతాది,” అంది హరిణి కంగారుగా.

“తగ్గనీ. తిన్న నోటితోనే తినలేదని ఎట్ల చెప్పేదమ్మా? సిగ్గుండొద్దా?”

ఆ మాటకు చాలామంది నేల చూపులు చూశారు. కానీ మాజీ సర్పంచి చురుకైనవాడు. అవ్వకు మతి చెడి రెండేళ్ళైందని, నిన్న ఏం తిందో నేడు చెప్పలేదని లేచి చెప్పాడు. ఊరు ఔనౌనంది. అధికారి ‘వయోభారము, మతిభ్రమణము రీత్యా వాంగ్మూలము పరిగణింపబడలేదు’ అని రాసుకున్నాడు. అవ్వ అందరి మొహాలూ చూసి, చివరికి ఓబులేసు మొహం చూసింది. ఓబులేసు నోరు తెరవలేదు. మోటారు గుర్తొచ్చింది మరి. ఇంటికొచ్చి అన్నం పళ్ళెం పక్కకు జరిపేశాడు. తన కోసం ఒక ముసలామెను పిచ్చిదాన్ని చేశారు, తాను గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాడు. ఎప్పుడూ లేనిది ఆ పూట మారెక్క కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే కొంచెం బాగుండేది.

బోడిమిట్టలో ఎవరూ కళింగర తినలేదని తేలింది. ఇక హైవే మీద నడిచినవాళ్ళ సంగతి. ఫోటోలో ఒకడి నెత్తి మీది సంచికి ఒడిశాలోని ఒక రైస్‌మిల్లు పేరు అచ్చై ఉంది. దాన్ని పట్టుకుని చంద్రమౌళీశ్వరరావు ఆ జిల్లా అధికారులకు లేఖ రాశాడు. ‘విషయము: కళింగర తినుట గురించి. జతపరచిన ఫోటోలోని వ్యక్తి జాడ తెలిసికొని, తినెనా, తినినచో ఎంత తినెను అను అంశములపై వాంగ్మూలము పంపగలరు.’

“ఏం భయపడొద్దన్నా,” అంది హరిణి. “అంత దూరం నుంచి జవాబు రాదు. తొంభై రోజుల్లో రాకపోతే మనిషి దొరకనట్టే రాస్తారు. దొరక్కపోతే తిననట్టే లెక్క. నీ డబ్బు నీకొచ్చేస్తాది.”

అప్పటి నుంచి ఆ ఇంట్లో తొంభై రోజుల లెక్క మొదలైంది. చేలో బోరు గొట్టం నోరు తెరుచుకుని ఉంది. విత్తనాల అదను దగ్గర పడుతోంది. మారెక్క రోజూ దేవుడి పటం ముందు నిలబడి దణ్ణం పెట్టేది. ఎనభయ్యో రోజున ఓబులేసు గడపలో కూర్చుని తువ్వాలు దులుపుకుంటుంటే, లోపల ఆమె గొంతు వినబడింది.

“సామీ, ఆ మనుషులు దొరకకుండా చూడు తండ్రీ...”

అంతలోనే ఆమె గబగబా రెండు చెంపలూ వాయించుకుంది. “అయ్యో, తప్పు తప్పు! నా నోట్లో మన్ను పడ! ఏం మాటలు వస్తా ఉండాయి నాకు!” అని ఏడ్చేసింది.

దొరకకపోవడమంటే ఏమిటో అంతవరకూ ఓబులేసు ఆలోచించలేదు. ఆ ఎండలో అంత దూరం నడిచినవాళ్ళు దొరకలేదంటే ఏమనుకోవాలి? దారిలో పడిపోయారనేగా! వాళ్ళు పడిపోతే తనకు మోటారొస్తుంది. ఛీ అనిపించింది. దేవుణ్ణి ఏం కోరుకోవాలో తెలియక, ఆ రోజు నుంచి ఇద్దరూ దణ్ణం పెట్టుకోవడమే మానేశారు.

ఎనభై ఎనిమిదో రోజున పిలుపొచ్చింది. చంద్రమౌళీశ్వరరావు ముందు ఫైలు రెండు జానల ఎత్తుంది. దాని మీద రెండు కాగితాలున్నాయి.

“ఓబులేసూ, నీ అదృష్టము బాగున్నది,” అన్నాడాయన. “ఇదిగో మంజూరు పత్రము. మూడెకరములకు ముప్పైవేలు. అయితే ఒడిశా నుండి ఒక వాంగ్మూలము వచ్చినది. పేరు దుర్యోధన్ నాయక్. కర్ణుని వద్ద తిన్నవాడు దుర్యోధనుడగుట నాకు కొంత అనుమానాస్పదముగానే తోచినది. దీనిపై సాక్షి సంతకము లేదు. ‘ఈ వ్యక్తిని నేనెరుగను, నా పంట ఎవరునూ తినలేదు’ అని ఈ కాగితము మీద వేలిముద్ర వేసినచో, ఆ వాంగ్మూలము చెల్లదు. సోమవారము నీ ఖాతాలో డబ్బు.”

ఓబులేసు సిరా పెట్టె మీద బొటనవేలు ఒత్తాడు. వేలు నల్లబడింది. “ఏం చెప్పినాడు సార్ ఆయన?” అని అడిగాడు.

“ఎందులకు? చెల్లదన్నాను గదా.”

“ఊరికే సార్.”

అధికారి విసుగ్గా చదివాడు. “‘మేము ఆరుగురము నడిచితిమి. నా భార్య నిండు గర్భవతి. రెండు రోజులుగా తిండి లేదు. హైవే ప్రక్కన ఒకామె కాయ కోసి మొదట నా భార్యకిచ్చెను. పిమ్మట నన్ను చాలాసేపు తిట్టెను. భాష తెలియలేదు గాని, ఆ స్థితిలోని మనిషిని నడిపించినందుకు తిట్టెనని తెలిసెను. ఆరుగురమూ కడుపు నిండా తింటిమి. పదహారు కాయలు మూట గట్టుకొంటిమి. డబ్బు తీసికొనలేదు.’ చూచితివా? పదహారు! సంఖ్యతో సహా ఒప్పుకున్నాడు.”

“ఊరు చేరినారా సార్?” అన్నాడు ఓబులేసు.

“అది విచారణ పరిధిలోనికి రాదు.”

గుమ్మం దగ్గరున్న మారెక్క ఆగలేకపోయింది. బల్ల దాకా వచ్చేసింది. “కాన్పు ఎట్లయింది సార్? తల్లీబిడ్డా బాగుండారా? నడుస్తా నడుస్తా యాడ కనిందో ఏమో. దాని కాళ్ళు ఇంత లావు వాచినాయి సార్, నాకు బాగా గుర్తు!”

“అమ్మా, అట్టి వివరములు కోరలేదు. ఇది తినుటకు సంబంధించిన ప్రొఫార్మా.” అయినా ఆయన కాగితం తిప్పాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, ఏ కాలమూ చదవకుండా వదలడు. “ప్రస్తుత నివాసము: స్వగ్రామము. కుటుంబ సభ్యుల సంఖ్య: ఏడు.”

మారెక్క వేళ్ళు ముడిచి లెక్కబెట్టుకుంది. నడిచినప్పుడు ఆరుగురు.

“ఏడుగురంటయ్యా,” అంది మొగుడితో, కొంగు నోటికడ్డం పెట్టుకుని.

ఓబులేసు తువ్వాలుతో బొటనవేలి సిరా పరపరా తుడిచేసుకున్నాడు. “తిన్నారు సార్,” అన్నాడు. గొంతు పెద్దదైంది, తనకే తెలియకుండా. “ఆరుగురూ తిన్నారు. దగ్గరుండి నేనే కోసిచ్చినా. రాసుకోండి. ఇంకోటి సార్, మా సుంకమ్మవ్వకు మతి బాగుండాది. మా ఊర్లో అందరికంటే బాగుండాది. రొండు కాయలు తినింది. అది కూడా రాయండి.”

“ఓరీ, ముప్పైవేలు పోవును!”

“పోనీలే సార్.”

అధికారి అతని వైపు, అతని పెళ్ళాం వైపు మార్చి మార్చి చూశాడు. ఇటువంటి కేసు సర్వీసులో తగలలేదు. మంజూరు పత్రాన్ని రెండుగా చింపి, కొత్త కాగితం తీసుకున్నాడు.

వారం తర్వాత సుంకమ్మవ్వ పింఛనులో రెండు కాయలకు గాను పందొమ్మిది రూపాయలు కోశారు. “ఇంత చవగ్గా యాడ దొరుకుతాయి!” అని అవ్వ ఊరంతా చెప్పుకుంది. మతి తిరిగొచ్చినట్టు ప్రభుత్వ కాగితం ఉంది కాబట్టి, మాజీ సర్పంచి ఇంటి ముందు నిలబడి ఆమె అన్న మాటల్ని కూడా ఎవరూ కొట్టిపారేయలేకపోయారు.

ఓబులేసుకు తుది ఉత్తర్వు అందింది. చేనుకు కంప అడ్డం పెట్టి, రెండు సంచులు సర్దుకుని, మొగుడూ పెళ్ళామూ బెంగుళూరు బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు హరిణి దాన్ని తెచ్చిచ్చింది. ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు. మారెక్క చదవమంటే అక్కడే నిలబడి చదివింది.

“‘సదరు పంట మానవ వినియోగమునకు గురైనట్లు దరఖాస్తుదారు స్వయముగా అంగీకరించినందున, నష్టము ఏమియు లేదని నిర్ధారించడమైనది. వాంగ్మూలములో తిన్నవారు ఆరుగురని పేర్కొనబడినది. తినిన సమయమున గర్భస్థ శిశువుకు సైతము ఆహారము చేరి ఉండును గావున, తిన్నవారి సంఖ్య ఏడుగా సవరించడమైనది.’”

బస్సు వచ్చి ఆగింది. ఓబులేసు సంచులు పైకెక్కించాడు. మారెక్క మెట్టు మీద కాలు పెట్టి, ఆ కాగితం హరిణి చేతిలోంచి తీసుకుని, రవిక లోపల భద్రంగా దోపుకుంది.

“ఇన్నాళ్ళకు ఒక్క లెక్కన్నా సరిగ్గా రాసినాడు పాపం ఆ సారు,” అంది.